వాహనవ్యామోహము

మహానవమినాటి ఉదయమున నంద్యాల వీధులలో నడచువారికి ఒక దృశ్యము తప్పక కనబడును. ఇంటింటి ముందు కార్లు స్నానము చేయుచుండును. గృహయజమాని పంచె ఎగగట్టి, బకెట్టుతో నీరు పోసి, మెత్తని గుడ్డతో బండి నొసలును చెంపలును తుడుచుచుండును. తాను భుజించిన కంచమును ఏనాడును కడిగి యెఱుగని యీ పెద్దమనిషి నేడు చక్రముల సందులలోని బురదను వ్రేళ్లతో తీయుచుండును. పిమ్మట పసుపు కుంకుమలు, బంతిపూల దండలు, చక్రముల క్రింద నిమ్మకాయలు, గుమ్మడికాయతో దిష్టి. ఇల్లాలు హారతిపళ్లెముతో వెనుక నిలిచియుండును. అనేక గృహములలో ఆమెకు ఆ బండిని నడుపుట రాదు. దాని తాళపుచెవి ఆమె కొంగున ఉండదు.

దీనిని చూచి నవ్వి ఊరకుండుట సులభము. మూఢాచారమని ఖండించుట మఱియు సులభము. కాని ఆ మనుష్యుని ముఖమును శ్రద్ధగా చూచినచో అందు మూఢత్వము కంటె మార్దవమే యెక్కువగా కనబడును. ఇది నిజమైన ప్రేమయే. అయితే ఈ ప్రేమ యెట్టిది? దీనిని పెంచువారెవ్వరు? దీనికి మూల్యము చెల్లించువారెవ్వరు? ఈ మూడు ప్రశ్నలను విచారించుటయే మా యుద్దేశము.

వాహనము అవసరమా కాదా యనునది వేఱు ప్రశ్న. అర్ధరాత్రమున ప్రసవవేదన పడు స్త్రీని ఆళ్లగడ్డ పరిసరగ్రామము నుండి నంద్యాల ఆసుపత్రికి చేర్చిన కారును ఎవ్వరు నిందింతురు? తాత కాలినడకను, తండ్రి ఎద్దులబండి మీదను పోయిన దారిలో మనుమడు తన సొంత బండిలో కూర్చుండి పోవుట ఆ కుటుంబమునకు గర్వకారణమగుటయు సహజమే. అవసరము లెక్కలకు లోబడును; ఇన్ని రూపాయలు, ఇన్ని కిలోమీటర్లు అని తేల్చవచ్చును. ప్రేమ మాత్రము లెక్కకు లొంగదు. నలుగురు కూర్చుండు బండి చాలునని యెఱిగియు ఏడుగురు కూర్చుండు బండి కొఱకు అప్పు చేయునది అవసరము కాదు. యాగంటి బసవన్న నానాటికి పెరుగుచున్నాడని మన ప్రాంతమువారు చెప్పుకొందురు. ఇప్పుడు మన వీధులలోని బండ్లును అట్లే పెరుగుచున్నవి. బసవన్నకు చోటు చాలక కాకులు పోయినవో లేదో కాని, ఈ బండ్లకు చోటు చాలక వీధి యరుగులు పోయినవి.

ఈ ప్రేమకు మొదటి మూలము అహంకారము. ఈ మాటను మేము దూషణముగా వాడుట లేదు. శాస్త్రార్థములో, అనగా ‘నేను’ అను భావము అను అర్థములో వాడుచున్నాము. అమెరికా దేశపు మనస్తత్త్వవేత్త విలియం జేమ్సు 1890లో ప్రకటించిన తన గ్రంథమున, మనుష్యుని ‘తాను’ అనునది దేహముతో ఆగదనియు, అతడు తనదని చెప్పుకొనగల ఇల్లు, బట్టలు, గుఱ్ఱములు, ధనము మొదలగు సమస్తమును అందు చేరుననియు నిరూపించెను. కారు విషయమున ఇది మన వాడుకమాటలలోనే తేటపడుచున్నది. బండికి బండి తగిలినప్పుడు ‘వాడు నా కారును గుద్దినాడు’ అని యెవ్వరును అనరు. ‘వాడు నన్ను గుద్దినాడు’ అందురు. కఠోపనిషత్తు దేహమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను వర్ణించి, రథికుడు వీని కన్నిటికిని వేఱని బోధించెను. దేహమే రథమని, నీవు రథము కాదని ఋషి చెప్పగా, మనము రథమునే దేహముగ చేసికొంటిమి.

ఇందుకు మేమును అతీతులము కాము. కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక చిన్న పాతకారును కొంటిమి. ఒకనాటి సాయంకాలము మా పాఠశాల ప్రహరిగోడ ప్రక్కన ఆరవతరగతి బాలుడొకడు దాని తలుపుపై వ్రేలితో ఏదియో గీయుచుండుట చూచి, మేము పదిమంది యెదుట అఱచితిమి. బాలుడు బెదరి పారిపోయెను. దగ్గఱకు పోయి చూడగా గీత లేదు. ధూళిపై వాడు తన పేరును వ్రాసికొనుచుండెను. అక్షరములు మేము నేర్పినవే. చివరి యక్షరము సగములో నిలిచిపోయియుండెను. ఇరువది సంవత్సరములు పిల్లలకు చదువు చెప్పినవారికి, పిల్లవాని వ్రాతకంటె ఇనుపరేకుపై రంగు ప్రియమైనదని ఆనాడు తెలిసినది. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ సిగ్గే ముఖ్యకారణము.

రెండవ మూలము ఇంద్రియసుఖము. ఫ్రెంచి విమర్శకుడు రొలా బార్తు 1957లో వెలువరించిన వ్యాససంపుటమున అప్పటికి క్రొత్తగా వచ్చిన సిట్రోయెన్ డి.ఎస్. అను కారును గూర్చి వ్రాయుచు, మధ్యయుగమున క్రైస్తవులకు మహాదేవాలయములు ఎట్టివో నేటివారికి కార్లు అట్టివని పోల్చెను. ప్రదర్శనశాలలో జనులు దానిని కన్నులతో చూచి తృప్తిపడక చేతులతో తడవి చూచుచుండుటను గూడ అతడు గమనించెను. నంద్యాలలో కార్ల దుకాణమునకు పోయినవారు ఈ మాటలోని సత్యమును ఎఱుగుదురు. కొనువారు ముందు ధర నడుగరు. చేతివెనుకభాగముతో బండి ప్రక్కను నిమురుదురు. తలుపును తెఱచి మూసి, ఆ శబ్దము గట్టిగానున్నదా డొల్లగానున్నదా యని చెవి యొగ్గి విందురు. లోపల కూర్చుండి క్రొత్త వాసనను పీల్తురు. ఆసనముల పైనున్న పారదర్శకపు కాగితమును నెలల తరబడి తీయనియ్యరు.

స్పర్శసుఖము నింద్యమని మా యభిప్రాయము కాదు. ఆళ్లగడ్డ శిల్పులు ఉలిదెబ్బ ముగిసిన పిమ్మట రాతిని అరచేతితో తడవి చూచుకొందురు. ఆ స్పర్శయు ఆనందదాయకమే. కాని శిల్పి చేతికి తెలియునది తాను చేసిన పని. రాతిలో లోపమున్నచో ఆ చేయి దానిని కనిపెట్టి మరల ఉలిని పట్టును. కారును నిమురు చేయికి అట్టి జ్ఞానము లేదు. అది యొరుల పనితనమును తన గొప్పగా అనుభవించుచున్నది.

మన ఆలంకారికుల పరిభాషలో ఈ ప్రేమకు తగిన పేరొకటి కలదు. రతి యను స్థాయిభావము ఇరువురియందును ఉన్నప్పుడే శృంగారరసమగును. ఒక్కరియందే యుండి రెండవవారియందు లేనిచో దానిని శృంగారాభాసమనవలెనని విశ్వనాథుడు సాహిత్యదర్పణమున నిర్ణయించెను. రసము వలె తోచును గాని రసము కాదని దాని తాత్పర్యము. ఎద్దును ప్రేమించిన రైతు ఆభాసములో పడలేదు. అతని అడుగుల చప్పుడు విని ఎద్దు తల యెత్తును. అతడు జబ్బుపడిన దినమున మేత మానును. కారునకు యజమాని ఎవ్వరో తెలియదు. తాళపుచెవి యెవ్వనిచేత నున్న వానితో పోవును. ఈ యేకపక్షప్రేమను పరిపూర్ణరసముగా చూపి అమ్మజూచువారు ఇద్దఱు: ఒకరు వర్తకులు, రెండవవారు చలనచిత్రకారులు.

వర్తకుల నేర్పు నేటిది కాదు. వాన్స్ పెకార్డు 1957లో ప్రకటించిన గ్రంథమున అమెరికా కార్లవర్తకుల రహస్యమొకటి కలదు. పైకప్పు మడచు విలాసపు కారును దుకాణపు అద్దములో నిలిపినచో పురుషులు లోనికి వత్తురు; వచ్చి, కొనునది మాత్రము నాలుగు తలుపుల సంసారపు కారు. ఎర్నెస్టు డిక్టరను మనస్తత్త్వవేత్త దీనిని పరిశీలించి, మొదటిది పురుషుని ఊహలో ఉంపుడుకత్తె వంటిదనియు, రెండవది ధర్మపత్ని వంటిదనియు తేల్చెను. ఆ జ్ఞానమును వర్తకులు మనుష్యుని రోగము నయముచేయుటకు గాక సరకు అమ్ముటకు వినియోగించిరి. వేశ్యాలోలత్వమును మాన్పుటకు మన దేశమున సంస్కర్తలు ఎంత శ్రమపడిరో చదువరు లెఱుగుదురు. భోగముమేళము వీధిలో నుండి పోయినది; దాని మోహనభాష మాత్రము కార్ల ప్రకటనలలో స్థిరపడినది. నేటి ప్రకటనలలో బండికి వంపులు, సొగసు, కన్నులు, యౌవనము కలవు. అది యెంత దూరము పోయిన ఎంత ఖర్చగును, ఢీకొన్నచో లోనివారు బ్రదుకుదురా యనునవి చిన్న యక్షరములలో నుండును.

ఇక చలనచిత్రములు. మన సీమను కథాస్థలముగా గ్రహించిన చిత్రములు సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001), ఆది (2002), ఇంద్ర (2002) మొదలైనవి తెలుగుదేశమంతటను ఆడినవి. ఇట్టి చిత్రములు కారునకు ఒక నూతనపాత్రను ఇచ్చినవి. ఎఱ్ఱని ధూళి లేచును. తెల్లని బండ్లు వరుసగా వచ్చును. తలుపులు ఒక్కసారిగా తెఱచుకొనును. ముందు పాదము, పిమ్మట నాయకుని ముఖము. శత్రువుల బండ్లు గాలిలోనికి లేచి పల్టీలు కొట్టును. ఈ దృశ్యములలో ప్రాణము లేదని మేము చెప్పము. వీరరసమునకు ఇవి బలమైన ఉద్దీపనములు. కూర్పులో నేర్పు కలదు. 1994లో వెలువడి 2019లో తయారీ నిలిచిపోయిన టాటా సుమో ఈ విధముగా సీమ పౌరుషమునకు చిహ్నమైనది. సుమంత్ మూల్గావ్కర్ అను ఇంజనీరు పేరులోని అక్షరములతో ఆ బండికి నామకరణము జరిగెను. యంత్రములను నిర్మించిన యొక సాధుపురుషుని పేరు కక్షలకు గుర్తగుట విచిత్రము.

మా యాక్షేపణ యొక్కటియే. ఆ బండ్లను నడుపువా డెవ్వడు? వరుసలోని మూడవబండి డ్రైవరునకు పేరున్నదా, భార్యాబిడ్డలున్నారా? బండి గాలిలోనికి లేచినప్పుడు వాడేమయ్యెను? మన భారతమును చూడుడు. అందు రథము లెన్నియో కలవు గాని సారథి లేని రథము లేదు. సారథికి నోరు లేకపోలేదు. యుద్ధరంగమున లోకోత్తరమైన ఉపదేశము చేసినవాడు సారథియే. కర్ణుని ధైర్యమును మాటలతో క్రుంగదీసినవాడు సారథియైన శల్యుడే. విరాటపర్వమున బృహన్నల సారథియై వచ్చి, వెఱచిన ఉత్తరునకు పగ్గములిచ్చి తాను రథికుడగును. రథమును కాదు, రథములోని యిద్దఱు మనుష్యుల సంబంధమును కవి వర్ణించెను. మన చిత్రకారులు మనుష్యుని దించివేసి యంత్రమును పాత్రగా నిలిపిరి. దానిని చూచి పెరిగిన యువకులు బండి యెక్కగానే తాము వీరులమైతిమని తలచినచో ఆశ్చర్యమేమి?

తెరపై గాలిలోనికి లేచిన బండి తిరిగి ఆటకు వచ్చును. రోడ్డుపై లేచినది రాదు. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు 40వ నంబరు జాతీయ రహదారిపై పోవువారికి ఈ సంగతి చెప్పనక్కఱలేదు. 2014 ఏప్రిలు 23వ తేదీ రాత్రి శాసనసభ్యురాలు శోభా నాగిరెడ్డి గారు నంద్యాలలో ఎన్నికల ప్రచారము ముగించుకొని ఆళ్లగడ్డకు మరలుచుండగా వారి వాహనము బోల్తాపడెను. మఱునాడు వారు హైదరాబాదులో మరణించిరి. దారిపై ఆఱబోసిన ధాన్యము ప్రమాదమునకు కారణమని ఆనాటి పత్రికలు వ్రాసినవి. మే 7న పోలింగు జరుగగా ఆళ్లగడ్డ ప్రజలు మరణించిన ఆమెనే గెలిపించిరి. కళ్లము లేని రైతునకు రోడ్డే కళ్లము. త్వరపడు వాహనమునకు రోడ్డే పందెపుబాట. ఒకే దారిని ఇద్దఱు ఇన్ని విధముల వాడుకొను దేశమున వేగము ఎట్టి ప్రమాదమో ఆ రాత్రి తెలిపినది.

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారము 2022లో భారతదేశమున 4,61,312 రోడ్డుప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. వీరిలో సీటు బెల్టు ధరింపనివారు 16,715 మంది. బెల్టు పెట్టుకొననిచో కారు కూయును. ఆ జడవస్తువు మన మేలు కోరి పలుకు మాట అది యొక్కటియే యని చెప్పవచ్చును. ఆ కూతను మాన్పుటకు బెల్టునకు బదులుగా దూర్చు ఉత్తకొక్కెములు దేశమున అమ్ముడుపోయినవి! 2023లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికారసంస్థ వానిని అంతర్జాల విక్రయశాలలనుండి తొలగింప ఆజ్ఞాపింపవలసివచ్చెను. కారును ముద్దాడుదుము, హారతి యిత్తుము. అది ‘జాగ్రత్త’ యన్నచో దాని నోరు మూయుదుము. ప్రేమ కాదు, ప్రేమాభాసమనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

ఈ వ్యామోహమునకు రెండవ మూల్యము గృహములలో చెల్లుచున్నది. వరకట్న నిషేధచట్టము 1961లో వచ్చినది. అయినను సంబంధములు మాటాడునప్పుడు ‘మేమేమియు అడుగము, మీ అమ్మాయి సుఖము కొఱకు ఒక బండి’ అను మాట నేటికిని వినవచ్చుచున్నది. అమ్మాయికి నడుపుట రాదు. వచ్చినను తాళపుచెవి ఆమెకు ఈయరు. కుందూనది చేరువను, కె.సి. కాలువ క్రింద, రెండు కార్లు పండించు మాగాణి ఎకరము నమ్మి తండ్రి ఈ నాలుగు చక్రముల కారును కొని యిచ్చును. ఇందు శ్లేష మేము కల్పించినది కాదు. మన భాషలోనే కలదు. పొలము కారు ఏటేట బియ్యము నిచ్చును. దుకాణపు కారు దినదినము విలువ కోల్పోవును. గురజాడవారు కన్యాశుల్కములో వధువునకు కట్టిన వెలను చూపి లోకమును నవ్వించి ఏడ్పించిరి. నేడు వరునకు కట్టు వెల కంపెనీపేరుతో, రంగుతో సహా చెప్పబడుచున్నది, నవ్వువారు లేరు.

స్త్రీకి వాహన మక్కఱలేదని మేము చెప్పుట లేదు, తద్విరుద్ధముగా చెప్పుచున్నాము. మేమెఱిగిన ఉపాధ్యాయిని యొకరు ఆళ్లగడ్డనుండి దినదినము స్కూటరుపై చుట్టుపట్ల గ్రామమునకు పోయి పాఠము చెప్పి వత్తురు. ఆ బండి రంగు వెలిసినది, ప్రక్కలు గీసుకొనిపోయినవి. వారికి దానిపై అభిమానము లేదా? కలదు. దాని వలన సాయంకాలము గంటసేపు మిగులుచున్నదని, ఆ గంటలో పుస్తకము చదువుకొనుచున్నామని వారు చెప్పిరి. వారు ప్రేమించునది గమనమును. మనలో పెక్కండ్రు ప్రేమించునది ప్రదర్శనమును. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణము ప్రారంభమైనప్పుడు, పుట్టింటికి, ఆసుపత్రికి, కళాశాలకు పోవుటకు భర్త జేబులోని తాళపుచెవి కొఱకు కాచుకొనవలసిన పని కొంత తగ్గినది. సంస్కారదృష్టికి ఇట్టి బస్సు, మెఱయు కార్లకంటె సుందరమైనది.

మన పూర్వులకు వాహనప్రేమ లేదా? ఈ దారి రెండు కొనలను చూచినచో ప్రత్యుత్తరము దొరకును. నంద్యాల పేరే నందితో ముడిపడినది, చుట్టును నవనందులు. ఆళ్లగడ్డ కావల అహోబిలము. అచ్చట గరుడుడు తపస్సు చేసెనని స్థలపురాణము. ఒక కొనను శివుని వాహనము, ఒక కొనను విష్ణుని వాహనము. మహానందిలో భక్తుడు నంది ప్రక్కన వంగి, కొమ్ముల నడుమనుండి శివుని దర్శించును. వాహనముపై చేయి వేయును గాని దానిలోనుండి ఆవలి వస్తువును చూచును. ఇదియే మేము చెప్పదలచిన సారము. వాహనము దానిగుండ చూచుటకు గాని దానినే చూచుచు నిలుచుటకు గాదు. సంక్రాంతి దినములలో అహోబిలస్వామి పారువేటకు బయలుదేరి, సుమారు 40 దినములు పల్లెపల్లెకు పల్లకిలో పోవును. ఆ పల్లకి కఱ్ఱ యే చెట్టుదో ఎవ్వరును అడుగరు. స్వామి తమ యింటిముందునకు వచ్చెనని సంతోషింతురు. 1982లో నందమూరి తారక రామారావు గారు పాత షెవ్రొలే బండినెక్కి రాష్ట్రమంతయు తిరిగినప్పుడు, చైతన్యరథమని జనులు దానిని గౌరవించుటయు అట్టిదే. అందు గౌరవము ఎక్కినవానినుండి వాహనమునకు ప్రవహించెను. నేడు ప్రవాహము తిరుగబడినది. వాహనమునుండి మనుష్యుడు గౌరవమును యాచించుచున్నాడు.

కాబట్టి కార్లను విడువుడని మేము బోధింపము. అది జరుగునది కాదు, జరుగవలసినదియు కాదు. మహానవమినాడు బండిని కడుగువారు కడుగుదురు గాక. ఆనాడే తాళపుచెవిని ఇల్లాలి చేతికిచ్చి నేర్పుట ప్రారంభింపుడు. నిమ్మకాయలపై చక్రము పోనిచ్చుటకు ముందు బెల్టును బిగింపుడు. వరుని వైపువారు బండి పేరెత్తినచో ఆ సంబంధము నచ్చటనే ముగింపుడు. పిల్లలు చలనచిత్రములోని తెల్లబండ్లను చూచి చప్పట్లు కొట్టినప్పుడు, ‘మూడవబండిని నడుపువా డెవ్వడు?’ అని యడుగుడు. వారికి విమర్శ అబ్బుట కది తొలిపాఠము.

ధూళిపై పేరు వ్రాసిన బాలుని మేము మఱునాడు పిలిచి, అదే చోట మిగిలిన యక్షరమును వ్రాయుమంటిమి. వాడు చాలసేపు సందేహించి, చేతులు వెనుకకు కట్టుకొని నిలిచెను. కారును తాకవలదని మేము నేర్పిన పాఠము, అక్షరముల పాఠముకంటె బాగుగా వంటబట్టినది.